ఉప్పు చూడని చెయ్యి

అబ్బాస్ ముప్పై ఏళ్లు పెద్ద హోటల్లో వంట చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయినా పొగడ్తల మీద మోజు మాత్రం పోలేదు. ఇంట్లో భార్య అజ్మతున్నీసా, ఆయన ఏం వండిపెట్టినా టీవీ చూస్తూ తినేసి లేచిపోయేది. దాంతో ఆయన మెట్టుగూడలో ఇంటి ముందే పెద్ద పొయ్యి పెట్టాడు. రోజూ బగారా అన్నం, దాల్చా వండి ఆటోలో తీసుకెళ్లి, పెద్దాసుపత్రి గేటు దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు వడ్డించేవాడు.

పేదల మీద ప్రేమ లేదని కాదు, ఉంది. కాకపోతే ప్లేటు చేతికిచ్చాక ఆ మనిషి మొదటి ముద్ద మింగేదాకా వదిలేవాడు కాదు. "ఎట్లుంది?" అని అడిగేవాడు. "మస్తుంది సార్" అన్న మాట చెవిన పడ్డాకే గరిటె రెండోవాడి వైపు కదిలేది. వెనకున్న జనం ఆకలితో నకనకలాడుతూ ఆ ముచ్చట అయ్యేదాకా నిలబడాల్సిందే.

"ఇంట్ల ఎవ్వరు తారీఫ్ చేస్తలేరని రోడ్డు మీద పడ్డడు" అనేది అజ్మతున్నీసా.

ఇంతలో రంజాన్ వచ్చింది. రోజా ఉపవాసంలో ఉన్న అబ్బాస్ వంట నాలుక మీద వేసుకోడు. వడ్డనకు సాయం వచ్చే పక్కింటి రోసమ్మ, ఒకప్పటి స్కూలు టీచరు, "ఉప్పు నేను చూస్తాలే భాయ్" అంది.

"మీకెందుకు తక్లీఫ్ టీచరమ్మా, వాసన చూసి చెప్త నేను."

అలా అని ఎసట్లో ఉప్పు వేశాడు. ఆ తర్వాత, తన బిర్యానీ తిని ఒక మంత్రిగారు వేళ్లెలా నాకారో చెబుతూ, ఆ ఊపులో ఇంకోసారి వేశాడు. ఆవిరి వాసన చూసి, తనకు తానే శభాష్ అన్నట్టు తలాడించి మూత పెట్టాడు.

గేటు దగ్గర ఎప్పటిలాగే "మస్తుంది సార్"లు వినిపించాయి. నీళ్ల క్యాను మాత్రం సగం వడ్డన కాకముందే ఖాళీ అయింది. ఎండలు ముదిరాయనుకున్నాడు అబ్బాస్.

చివర్లో రోసమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పక్కకెళ్లి ఉమ్మేసింది. "ఉప్పు కషాయం భాయ్ ఇది. వీళ్లెలా తిన్నారు?"

అబ్బాస్ నమ్మలేదు. తల్లిని ఆసుపత్రిలో చేర్చి నెలరోజులుగా ఆ గేటు దగ్గరే ఉంటున్న జనగామ దయాకర్ అప్పుడే చెయ్యి కడుక్కుంటున్నాడు. అతన్ని పిలిచాడు.

"నిజం చెప్పు, ఉప్పెక్కువైందా?"

"జెర ఎక్కువైంది సార్."

"మరి మస్తుందంటివి?"

"వంకలు పెడ్తే రేపటికెళ్లి రారేమోనని."

అబ్బాస్ గొంతు తగ్గింది. "నిన్నటిది మంచిగుండె గద?"

"నిన్న సుత గట్లనే అన్న సార్."

అబ్బాస్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ చెవులారా విన్న తారీఫ్‌లో రుచి ఎంతో, భయం ఎంతో ఇక తెలిసే దారి లేదు. ఖాళీ గిన్నెలు ఆటోలోకి ఎత్తడం మొదలుపెట్టాడు.

ఆ ముఖం చూసి దయాకర్‌ వెంటపడి వచ్చి ఆటో పట్టుకున్నాడు.

"రేపు సుత వస్తరు గద సార్?"