చుక్క తర్వాత ఇంటిపేరు

మా తాతల కాలంలో తెలుగువాళ్లు వలసొచ్చి స్థిరపడిన పరాయి రాష్ట్రపు రైల్వే ఊరిది. ఇక్కడి ప్రేమ్ బజార్‌లో నాది ప్రింటింగ్, జిరాక్స్ షాపు. ఫైలు తెరుచుకోవడం లేదని మొహాలు వేలాడేసుకుని వచ్చే హాస్టల్ పిల్లల్ని రోజూ చూస్తాను. అందుకే ఆ ఆదివారం ఊరికి అటువైపున్న ఖరిదా నుంచి అమ్మ ఫోన్ చేసి ఏడుస్తుంటే నేను కంగారుపడలేదు.

"ఒలే, పాటలన్నీ పోయినాయే! మీ నాన్న ఏటి సేసినారో ఏటో, తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే."

పాటలంటే మా అమ్మమ్మ పాటలు. నలుగు పెట్టేటప్పుడు, అప్పగింతలప్పుడు ఆవిడ పాడేవి. ఆవిడ పోయాక అమ్మ ఒక్కో చరణం గుర్తు తెచ్చుకుంటూ ఒంటి వేలితో లాప్‌టాప్‌లో కొట్టుకుంది. ఇంకెక్కడా కాపీ లేదు. ఉంచుకోమని నేను మొత్తుకున్నా వింటేనా!

"దేన్నీ సేవ్ చెయ్యకు, మూసెయ్. వస్తన్నాను" అని షట్టర్ దించి బయల్దేరాను.

నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. చేసిన పనికి జడిసే మనిషి కాదు.

"నానేటీ పాడుసెయ్యలేదు. పేరు సరిసేసినాను, అంతే."

చూస్తే నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. ఫైలు పేరు 'పాటలు'. పక్కన చుక్క, చుక్క తర్వాత డాక్స్ అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉండాలి. నాన్న వాటిని తీసేసి మా ఇంటిపేరు పెట్టాడు! మనకు ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి ఆఫీసుల్లో దాన్ని వెనక్కి నెట్టేస్తారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ అలాగే సంతకం పెట్టిన మనిషి, ఆ డాక్స్ ఎవరిదో ఇంటిపేరు పొరపాటున పడిందనుకున్నాడు.

"ఆర్ యూ ష్యూర్ అని అడిగుంటాది కదా నాన్నా?"

"అడిగింది. మన ఇంటిపేరు మనకి ష్యూర్ కాదేటి? ఎస్ నొక్కేసినాను."

ఫైలును దేనితో తెరవాలో కంప్యూటర్‌కు చెప్పేది ఆ చివరి ముక్కే. అది మారినంత మాత్రాన లోపలి రాత ఎక్కడికీ పోదు. ముందు జాగ్రత్తగా ఓ కాపీ తీసుకుని, దాని పేరులో ఇంటిపేరు చెరిపి డాక్స్ అని కొట్టాను. మళ్లీ అదే ప్రశ్న వేసింది. నేనూ ఎస్ నొక్కాను. ఫైలు పేరు పక్కన తెల్లకాగితం బొమ్మ పోయి నీలం బొమ్మ వచ్చింది. తెరిస్తే నలుగు పాట.

అమ్మ కళ్లు తుడుచుకుని చివరి పేజీ దాకా చూసుకుంది. అప్పగింతల పాట ఆఖరి చరణం కూడా ఉంది. అప్పుడు నాన్న వైపు తిరిగింది.

"మా అమ్మ పాటలకి మీ ఇంటిపేరేటండీ?"

నాన్న కాస్త తగ్గాడు. "మరి మీ అమ్మ పేరు ఎక్కడుందే? అంతా ఎతికినాను. ఎవులిదీ లేదని మనది ఎట్టినాను."

నిజమే, ఎక్కడా లేదు. అమ్మ మొదటి పేజీకి వెళ్లి, ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అమ్మమ్మ పేరు కొట్టింది, పుట్టింటి ఇంటిపేరుతో సహా. ఆవిడ పూర్తి పేరు అదని అప్పటిదాకా నాకు తెలియదు.