గట్టు మీద నుంచి చెప్పిన రోజులు

నలభై రోజులు అన్నాను. అడిగి నిమిషం కూడా కాలేదు.

తొంభైల చివర్లో నిజామాబాద్ బస్టాండ్ దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతూ, నాకు రానిది లేదనుకుని మహా పొగరుగా తిరిగేవాణ్ని. బోధన్ అవతల ఒక చిన్న చక్కెర మిల్లు మేనేజరు నన్ను పిలిపించాడు. ఏ రైతు చెరకు ఏ రోజు నరకాలో చెప్పే కటింగ్ ఆర్డర్లు ఇకనుంచి కంప్యూటరే ఇవ్వాలట. ప్రోగ్రాం రాయడానికి ఎన్ని రోజులు పడుతుందన్నాడు. నాలుగు స్క్రీన్లు, ఒక్కోదానికి వారం. ధైర్యానికి ఇంకో పన్నెండు రోజులు కలిపాను.

అప్పటిదాకా ఆ ఆర్డర్లు చేత్తో రాసే పెద్దాయన పక్కనే ఉన్నాడు. నెలన్నరలో రిటైరవుతున్నాడు. ఒకప్పుడు ఊరూరా తిరిగి, తోట చూసి ఎన్ని టన్నులొస్తుందో చెప్పిన మనిషి.

"తోటల దిగి చెప్పినవా తమ్మీ, గట్టు మీదికెళ్లి చెప్పినవా?" అన్నాడు. "గట్టు మీదికెళ్లి చూస్తే ఏ తోటైనా నిండుగనే కనవడ్తది. లోపలికి పోతె ఎరుకైతది, పందులెంత మేసినయో, ఎంత పడిపోయిందో."

నవ్వేశాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్లు మండుతుంది.

ముందు నాటిన తోటకు ముందు ఆర్డర్, అంతే అనుకున్నాను. వారం తిరక్కుండానే పెద్దాయన లోపలి సంగతులు బయటపెట్టడం మొదలుపెట్టాడు. కాలువ నీళ్లు ఆగేదాకా ఆ ఊరికి లారీ పోదు. ఈ అన్నదమ్ములకు ఒకటే బండి, ఇద్దరికీ ఒకే రోజు ఆర్డర్ ఇవ్వద్దు. సరిహద్దు అవతలి మరాఠీ కూలీలు వచ్చారంటే ఆ ఊరిదంతా ఒకేసారి కొట్టించాలి. నేను అడిగితే ఆయనకు ఒక్కటీ గుర్తొచ్చేది కాదు. చాయ్ తాగుతుంటే మాత్రం "గిదొకటి ఉన్నది తమ్మీ" అనేవాడు. ఆ మాటతో నా మూడు రోజుల పని గంగలో కలిసేది.

నలభై రోజులు దాటాయి. పెద్దాయనకు దండ వేసి పంపేశారు. మిల్లులో గానుగ మొదలైంది. చేతిరాత ఆర్డర్ చీటీలు చెల్లవని, కంప్యూటర్ చీటీ ఉన్న బండినే గేటు లోపలికి వదలమని మేనేజరు బోర్డు పెట్టించాడు. ఆ కంప్యూటరేమో చీటీ ఇవ్వడం లేదు.

మొదట ఆర్డర్ రావలసిన రైతుల్లో ఒక అవ్వ ఉంది. ఎకరన్నర తోట. రోజూ బస్సెక్కి వచ్చి నా కిటికీ ముందు నిలబడేది.

"ఎన్ని దినాలైతది బిడ్డా?"

తెలియదు అనాలి. నిజం అదే. కానీ ఆ ముసలి మొహం చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

"నాలుగు రోజులవ్వా."

ఐదో రోజు పొద్దున గేటు ముందు రెండు ఎడ్లబండ్ల నిండా చెరకు. పక్కన అవ్వ.

"నీ మాట మీదనే కొట్టిచ్చిన బిడ్డా. ఇయ్యాల కాకుంటే కూలోళ్లు మల్ల దొరుకరు."

నరికిన చెరకు రోజురోజుకూ ఎండుతుంది, తూకం పడిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, నాకంటే ఆమెకు బాగా తెలుసు. మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. ఒక్క బండి వదిలితే వంద బండ్లకు జవాబు చెప్పాలన్నాడు. చేతులు జోడించినా వినలేదు. వెనక్కి వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాను. ఒక తప్పు దిద్దితే రెండు తేలుతున్నాయి. ఏడుపొచ్చింది.

మూడో రోజుకు చెరకు ఆకులు గలగలమంటున్నాయి. అవ్వ బండి నీడన కూర్చుని ఉంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"గిప్పుడన్న చెప్పు బిడ్డా, ఎన్ని దినాలు?"

ఇంత జరిగాక కూడా నా దగ్గర ఒక అంకె తయారుగానే ఉంది.

"రెండు రోజులవ్వా" అన్నాను.

ఆమె మళ్లీ నమ్మింది.