కుడి చేతికి పని పెట్టిన ప్లాస్టిక్ ట్యాంకు

స్ట్రోక్ గురించి మా ఆమదాలవలస లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. పదో తరగతితో బడి మానేసిన నాకు ఉన్న చదువంతా ఆ బీరువాలు పెట్టిందే. మెదడులో రక్తం ఎలా గడ్డకడుతుందో ఆ పుస్తకాల్లో ఉంది. ఏం తినాలో, ఏం తినకూడదో ఉంది. మనిషికి ఎంత సిగ్గేస్తుందో మాత్రం ఎక్కడా లేదు. ఇంకెవరైనా నాలాగే వెతుక్కుంటారేమోనని ఆ సంగతి నేను రాస్తున్నాను.

మాది కిరాణా కొట్టు. ఆ రోజు పొద్దున్న చింతపండు పొట్లానికి దారం చుడుతుంటే కుడి చెయ్యి నాది కానట్టయింది. దారం జారిపోయింది. మాట మందంగా వచ్చింది.

"మూతి ఒంకరగా ఉన్నాది, ఆస్పత్రికెల్దాం రండి" అంది నా భార్య సత్యవతి.

"మెడ నరం పట్టేసింది, అంతే. నేను చదివాను" అన్నాను. నూనె రాయించుకుని పడుకున్నాను. సాయంత్రానికి కాలు కూడా ఈడ్చుకుంటూ నడవాల్సి వచ్చింది. అప్పుడు శ్రీకాకుళం తీసుకెళ్ళారు.

సీటీ స్కాన్, తర్వాత ఎమ్మారై. "ఎప్పుడు మొదలైందండీ?" అని డాక్టర్ గారు అడిగారు. పొద్దున్న అన్నాను. "క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఉంది. దానికి టైం దాటిపోయింది. వెంటనే ఎందుకు రాలేదు?" సత్యవతి నా వంక చూసింది. తిట్టేసి ఉంటే బాగుండేది.

కాలు త్వరగానే తేరుకుంది. చెయ్యి తేరుకోలేదు. వేళ్ళు ముడుచుకునేవి, తెరిస్తే వణికేవి. తలుపు దగ్గరగా వేసుకుని ఎడం చేత్తో, స్పూనుతో అన్నం తినేవాడిని. కొట్టుకి వెళ్ళడం మానేశాను. మా వైపు కొట్లలో ఎడం చేత్తో సరుకు ఇవ్వరు. బోణీ బేరమైతే మరీను. పొద్దున్నే మొదట వచ్చినవాళ్ళకి ఎడం చెయ్యి చాపితే ఇంక వాళ్ళు మా మెట్టెక్కరు. సత్యవతే కొట్లో కూర్చునేది. ఎప్పుడొస్తారని ఆమె అడిగితే, చెయ్యి తిన్నగయ్యాక అనేవాడిని. అది ఎప్పటికీ కాకపోతే ఇంక గల్లా దగ్గర నాకు చోటు లేనట్టే.

ఫిజియోథెరపీ చేయించే మాధురి గారు, "పెద్ద కదలికలు వచ్చీసాయి సార్. ఇంక ఫైన్ మోటార్ రావాల. వేళ్ళకి సన్నపని ఏదైనా పెట్టండి, మీకు ఇష్టమైంది" అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, విన్న నా బావమరిది రవి ఒక ప్లాస్టిక్ యుద్ధట్యాంకు బొమ్మ కిట్టు తెప్పించాడు. "ఎప్పుడూ యుద్ధాల పుస్తకాలే సదువుతావు గదేటి బావా! ఇదిగో, నీ యుద్ధం నువ్వు సేసుకో" అన్నాడు. ముక్కలు అతనే అతికించాడు. రంగు వెయ్యడం నా వంతు.

కొత్తవాళ్ళు చేసే తప్పులన్నీ చేశాను. సీసాలోని రంగుని నీళ్ళు కలపకుండానే పులిమితే ట్యాంకు ఒంటి మీది సన్న మేకుల తలలన్నీ పూడిపోయాయి. చక్రం అంచుకి నల్లరంగు వెయ్యబోతే బ్రష్షు పక్కకి పారిపోయింది. "ఇదేటి బావా, ట్యాంకుకి కాటుకెట్టినావు?" అని రవి పడీపడీ నవ్వాడు. మర్నాడు ఎవరూ లేనప్పుడు మిగతా చక్రాలన్నీ ఎడం చేత్తో వేసేశాను. బాగానే కుదిరాయి. సంచిలో పెట్టుకుని ఫిజియోథెరపీ గదికి వెళ్ళి మాధురి గారికి చూపించాను.

ఆవిడ ట్యాంకు చూడలేదు. "రంగు ఎడం గోళ్ళకి అంటుకున్నాదేటి సార్?" అన్నారు.

చెయ్యి దాచుకునేసరికే ఆలస్యమైపోయింది. పక్క బల్లల మీద వ్యాయామం చేస్తున్నవాళ్ళంతా విన్నారు.

"ట్యాంకు నాకెందుకు సార్? నాకు కావలసింది ఆ చెయ్యి" అని ఆవిడ నా కుడి మోచేతిని బల్లకి ఆనించి, ఎడం చేతి వేళ్ళని కుడి మణికట్టు కింద పెట్టించారు. "గట్టిగా పట్టుకోవద్దు. ఊత ఇవ్వండి, అంతే. పని కుడిదే సెయ్యాల."

అలాగే చేశాను. గీత తిన్నగా రాలేదు గానీ పారిపోవడం తగ్గింది. మెల్లగా వెదరింగ్ దాకా వచ్చాను. కొత్త బొమ్మను ఎండా వానా తిన్న బండిలా మార్చే పని అది. పల్చటి మట్టిరంగు నీళ్ళు సందుల్లోకి పారించాలి. ఆరాక, బ్రష్షుకున్న రంగు దాదాపు అంతా గుడ్డకి తుడిచేసి, అంచులకి ఊరికే అలా తాకించాలి. చివర బురదలా కనిపించేట్టు మట్టిపొడి అద్దాలి. లైబ్రేరియన్ గారు వెతికిచ్చిన పుస్తకంలో చదివినంత సులువు కాదు. తాకించబోయి గుద్దేసేవాడిని. కుడి చేతికి బలం తగ్గించడం రావడానికే చాలా కాలం పట్టింది.

బురద బాగా కుదిరిందనుకున్న రోజు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ట్యాంకు తళతళలాడుతోంది. సత్యవతి తడిగుడ్డతో తుడిచేసింది. కొట్టు తెరవగానే ప్రతి డబ్బా తుడవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

"దుమ్ము సరుకు ఎవులు కొంటారు? బొమ్మకి బురదేటండీ, సోద్యం కాకపోతే!" అంది.

నేను అరిచాను. మాట ముద్దగా వచ్చింది, చొంగ కూడా కారింది. ఆమె కొంగుతో నా గడ్డం తుడిచి, "ఏటి గట్టు మట్టి జల్లించి తెస్తాను, మళ్ళీ ఎయ్యండి" అంది. తెచ్చింది కూడా. రెండోసారి వేసిన బురదే మెరుగ్గా వచ్చింది. ఆ అరుపు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఆమె ముఖం చూడలేను.

ఒక పొద్దున్న సత్యవతికి జ్వరం. కొట్టు నేనే తెరవాల్సి వచ్చింది. మొదటి బేరం అప్పలనరసమ్మ, పక్క ఊరి నుంచి బస్సులో వచ్చే ముసలామె. బెల్లం అడిగింది. పొట్లం కుడి చేత్తో పట్టుకుని, మణికట్టు కింద ఎడం వేళ్ళు ఆనించి, ఇచ్చాను.

"ఏటి సావుకారూ! పేరంటాలికి తాంబూలం ఇచ్చినట్టు ఇస్తన్నావు? ఇంత మరియాదేటి!"

నిజం చెప్పి ఉండాల్సింది. నవ్వి ఊరుకున్నాను. ఆ మాట బజారంతా పాకింది. జబ్బు చేశాక సావుకారికి వినయం వచ్చిందన్నారు. నేను కాదనలేదు. నాది కాని మర్యాద పుచ్చుకుంటూ రోజూ కొట్టుకి వెళ్ళాను. ప్రతి పొట్లంతోనూ సిగ్గు పెరిగింది.

అప్పలనరసమ్మ మళ్ళీ వచ్చినప్పుడు, జనం ఉండగానే చెప్పేశాను. "అమ్మా, అది మర్యాద కాదు. నాకు స్ట్రోక్ వచ్చింది. ఊత లేకపోతే ఈ చెయ్యి నిలవదు."

"నాకు తెల్దనుకున్నావేటి? మా ముసిలోడికీ అలగే వచ్చినాది. నువ్వు సిగ్గుపడతన్నావని ఆ మాటన్నాను. బెల్లం ఇయ్యి, బస్సెల్లిపోతాది" అంది.

ఇచ్చాను.

ఇప్పుడు రోజూ బోణీ నా చేతి మీదే అవుతోంది. బీపీ మాత్ర మానడం లేదు. సంతకం ఇంకా పాతలా రాలేదు. కొత్తవాళ్ళు నా చేతి వైపు చూస్తే చెవులు వేడెక్కుతూనే ఉన్నాయి. నాలాంటివాళ్ళకి ఒక్కటే చెబుతాను: బాగున్న చేతిని బాగోలేని చేతికి బదులు పెట్టకండి, దాని కింద ఊతగా పెట్టండి. ఎలాగో మీ ఫిజియోథెరపిస్టుని అడగండి.

వైద్యం చేసిన డాక్టర్ భాస్కరరావు గారికి, నా గోళ్ళు చూసిన మాధురి గారికి, ట్యాంకు తెచ్చిన రవికి, వెదరింగ్ పుస్తకం వెతికిపెట్టిన లైబ్రేరియన్ సూర్యనారాయణ గారికి, నా సిగ్గు కప్పిపెట్టిన అప్పలనరసమ్మకి, మట్టి జల్లించి తెచ్చిన సత్యవతికి నా నమస్కారాలు.