మనీలా మంత్రి రాజీనామా

సోల్డరింగ్ ఇనుము కొసన సీసం కరిగి పొగ లేచినప్పుడు వచ్చే వాసన కొంత సాంబ్రాణిలాగా, కొంత కాలిన వెంట్రుకలాగా ఉంటుంది. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు పీల్చాను. ఇప్పుడు ఆదోనిలో టీవీలు బాగుచేసే అంగట్లో రోజంతా పీలుస్తున్నాను. అయినా అది నాకు టీవీల వాసన కాలేదు. ఎమ్మిగనూరులో ఖాజా మామ రేడియో అంగడి వాసనగానే ఉండిపోయింది.

మా వీధిలో నాలుగిళ్లు తప్ప అన్నిటా మగ్గాలే. ఎండాకాలం పొద్దున వీధి పొడవునా పడుగు నూలు సాగదీసి గంజి పెట్టేవాళ్లు. వానలు మొదలైతే ఆ గంజి ఆరక ఇళ్లన్నీ పుల్లగా వాసన వేసేవి. చలికాలం కాల్చిన చెనిక్కాయల పొట్టు మగ్గం గుంటల్లోకి కూడా చేరేది. ఉగాదికి మా ఇంటి ఓళిగలు ఖాజా మామ ఇంటికీ, పీర్ల పండగకు వాళ్ల బెల్లం రొట్టెలు మా ఇంటికీ నడిచేవి. మా నాన్న నేసేవాడు, నాన్న అక్క నరసమ్మత్త రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టేది, నేను బడి అయ్యాక గోలీలాడేవాణ్ని, లేదా ఖాజా మామ అంగట్లో స్క్రూలు సైజువారీగా డబ్బాల్లో వేసేవాణ్ని.

నేను చెప్పబోయే ఏటికి అత్త మా ఇంటికి వచ్చి రెండేళ్లు. ఆమె భర్త ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాగా ఉండేవాడు. ఒక మధ్యాహ్నం బీరువా బీగాల గుత్తి అక్కడే ఇచ్చేసి ఇంటికొచ్చాడు, మళ్లీ పనికి పోలేదు, కారణం ఎవరికీ చెప్పలేదు, ఆరు నెలలకు జ్వరంతో పోయాడు. నాకు ఆ మామ గురించి గుర్తున్నవి నాలుగే: తెల్ల పంచె, చేతి గడియారం, జేబులో ఎర్ర పెన్సిలు, తలుపు అవతలి నుంచి వినిపించే దగ్గు. కొళాయి దగ్గర ఆడవాళ్లకు మాత్రం ఇంకో సంగతి తెలుసు. "ఊరికే మానుకుంటారా యాడన్నా? ఏమో సేసింటాడు," అనేవాళ్లు, అత్త బిందె నిండేలోపల, ఆమెకు వినబడేటట్టు.

సాయంత్రాలు ఫిలిప్పీన్స్ దేశపు మనీలా నుంచి షార్ట్‌వేవ్ మీద అరగంట తెలుగు కార్యక్రమం వచ్చేది. ఆ ఏడు శుక్రవారం శుక్రవారం ఆ దేశపు పాత ఆర్థిక మంత్రి ఒకాయన జీవితం చెప్పారు. మూడు ముక్కల పేరు, మాకెవరికీ నోరు తిరగలేదు. ఖాజా మామ "మనీలా మంత్రి" అన్నాడు, అదే నిలిచింది. సముద్రం ఒడ్డున పుట్టాడు, చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి కొబ్బరాకుల్లో బియ్యప్పిండి ఉడికించి అమ్మింది ("మన కుడుముల మాదిరేనా?" అని అత్త రేడియోనే అడిగింది), ప్లీడరయ్యాడు, యుద్ధంలో జైల్లో ఉన్నాడు, మంత్రయ్యాడు, ఒకే కోటు పదేళ్లు తొడిగాడు. రాజీనామా ఎందుకిచ్చాడో చివరి శుక్రవారం చెప్తామన్నారు. వినేవాళ్లు ఈ జీవితాన్ని సొంత మాటల్లో రాసి పంపితే మంచి ఉత్తరాన్ని పేరుతో సహా చదువుతామన్నారు. అయిదో తరగతితో బడి మానిన అత్త ఆ మాట పట్టుకుంది. ప్రతి శుక్రవారం రాట్నం ఆపి ఖాజా మామ అంగడి గడపలో కూర్చునేది. తేదీ, టైము, ఎంత స్పష్టంగా వినబడింది, ఏమి చెప్పారు అని నాలుగు గడులు గీసి నేను నోట్‌బుక్కులో రాసేవాణ్ని.

రేడియో మాది కాదు, ఖాజా మామది కూడా కాదు. కౌతాళం రైతు బసన్న రిపేరుకిచ్చింది. రెండు రోజుల్లో బాగైంది. వీధిలో ఉన్న మిగతా రెండు రేడియోలు మీడియం వేవే పట్టేవి గనుక, బసన్న వచ్చినప్పుడల్లా ఖాజా మామ "టెస్టింగులో ఉండాదన్నా" అని పంపించేవాడు.

పదకొండు వారాలు అలా గడిచాక బసన్న అంగట్లో కూర్చుండిపోయాడు.

"ఏమప్పా ఖాజా, నా రేడియో ఈ ఏడన్నా పాసయితాదా?"

"ఒగ్గ వారం ఆగన్నా. మంత్రి రాజీనామా ఉండాది."

"యా మంత్రిదప్పా?"

"మనీలా మంత్రిది."

"ఆయప్ప రాజీనామా ఇయ్యల్లంటే నా రేడియో కావల్నా?"

నవ్వుతూనే అన్నాడు గానీ, రేడియో చంకన పెట్టుకుని బస్సెక్కాడు. చివరి శుక్రవారం మేము వినలేదు. నోట్‌బుక్కులో ఆ గడి ఖాళీగా ఉంది.

నాలుగు రోజులు అత్త కండెలు చుడుతూనే ఉంది. అయిదో రోజు నన్ను కూర్చోబెట్టి ఉత్తరం చెప్పింది. పదకొండు వారాలదీ నా నోట్‌బుక్కు ప్రకారమే చెప్పింది. తర్వాత ఆగకుండా ఇంకా చెప్పుకుంటూ పోయింది.

"ఒగ కాగితం ముందర పెట్టి సంతకం పెట్టమన్యారు. దాంట్లో ఉండేది అబద్ధం. ఆయన పెన్ను జోబీలో పెట్టుకొని, బీగాలు బల్ల మీద పెట్టి బయటికొచ్చినాడు. ఎందుకని ఎవరికీ సెప్పలేదు. సెప్తే ఆడుండే వాళ్ల పరువు పోతాది."

"అది మనం ఇనలేదు గదత్తా."

"రాయి నువ్వు. మంచోడు ఊరికే మానుకుంటాడా?"

రాశాను. రెండు నెలలకు సముద్రం బొమ్మతో రంగుల కార్డు వచ్చింది: ఉత్తరం ఫలానా శుక్రవారం చదువుతాము. ఆ కార్డు కొళాయి దగ్గరికి వెళ్లింది, తడి చేతుల్లో తిరిగింది. "మంత్రి ఎందుకు మానుకున్యాడో అందరూ ఇంటారు," అంది అత్త వాళ్లతో. అంతకు ముందు కొళాయి దగ్గర ఆమె గొంతు నేను విన్న గుర్తు లేదు.

ఆ శుక్రవారం ఖాజా మామ, అత్త, నేను కౌతాళం బస్సెక్కాం. కాలువ నీళ్లు పారినంత మేరా వరి, తర్వాత పత్తి. బస్సులో సగం మాటలు కన్నడం. బసన్న ఇంట్లో ఉగ్గాని, బజ్జీ పెట్టారు. రేడియో గూట్లో, అల్లిక గుడ్డ కింద ఉంది. ఖాజా మామ ఏరియల్‌కని రాగి తీగ దూలానికి కట్టాడు. కాసేపు గరగర, తర్వాత మనీలా.

ఎమ్మిగనూరు నరసమ్మ గారు రాసిన ఉత్తరం, అన్నాడు చదివేవాడు. మొత్తం చదివాడు, బీగాలు బల్ల మీద పెట్టిన దాకా. అత్త కొంగు కొసను వేలికి చుట్టి విప్పుతూ వింది. అంతా అయ్యాక ఆయన, ఒక చిన్న సవరణ అన్నాడు. మంత్రిగారు పదవి వదిలింది జబ్బు వల్ల. ఊపిరితిత్తుల జబ్బు ఏళ్లుగా ఉన్నా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. ఉత్తరం మాత్రం చక్కగా ఉంది. తర్వాత పాట వేశారు.

"అక్క రాసిందే బాగుండాదప్పా," అన్నాడు బసన్న. "ఈయప్పకేం తెలుసు."

"ఆయప్ప ఆ ఊర్లోనే ఉండాడు గదన్నా," అన్నాడు ఖాజా మామ.

"ఉంటే?"

ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. మరుసటి పొద్దున బస్సు కాలువ దాటాక, అత్త కిటికీలోంచి చూస్తూ అంది: "మీ మామ గూడా దగ్గుతా ఉండె. మిల్లులో అందరూ దగ్గుతారు, దూదికి, అనుకుంటి. మానుకొని వచ్చిన దినం బీగాలు యాడ అని అడిగితి గానీ, ఒంట్లో ఎట్లుండాదని అడగలేదు."

ఖాజా మామ టికెట్లు మడుస్తూ కూర్చున్నాడు. ఇల్లు చేరాక అత్త బిందె తీసుకుని కొళాయికి పోయింది. "పేరు సెప్పిరా?" అని అడిగారు. "సెప్పిరి. తప్పు రాసినానని గూడా సెప్పిరి," అంది. వాళ్లు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగాక, "మీ అన్న గూడా జబ్బు సేసే మానుకున్యాడు. నాకు నిన్న తెలిసింది," అని బిందె ఎత్తుకుంది.

ఇప్పుడు ఖాజా మామ అంగట్లో క్యాసెట్లు అమ్ముతున్నారు. మిద్దెల మీద రాగి తీగలు పోయి టీవీ ఏంటెన్నాలు వచ్చాయి. ఆదోని అంగట్లో ఖాళీ దొరికినప్పుడు ఒక పాత సెట్టు మీద షార్ట్‌వేవ్ తిప్పుతాను. ఆ సమయానికి ఆ చోట గరగర తప్ప ఏమీ లేదు. అత్త పోయి మూడేళ్లయింది.

నోట్‌బుక్కు నా దగ్గరే ఉంది. ఉత్తరం నకలు దాని చివర రాసుకున్నాను. కౌతాళం నుంచి వచ్చిన సాయంత్రం అత్త చెప్పగా ఖాళీ గడిలో "జబ్బు" అని రాసి, నకలులో సంతకం సంగతి కొట్టివేశాను. అక్షరం కనబడకుండా రుద్దబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఒక్క గీత చాలంది. ఆ గీత కింద అంతా ఇప్పటికీ చదవొచ్చు.