కిటికీ అవతల ఆపా

మొన్న ఆదివారం ఖిలా వరంగల్ షాదీఖానాలో, ఊరంతా అక్క అనే అర్థంలో పిలుచుకునే ఆపాకు సన్మానం జరుగుతుంటే, మూడో వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నాకు ఉన్నట్టుండి అరచేతులకు చెమటలు పట్టాయి. నిజానికి అక్కడ భయపడవలసిందేమీ లేదు. పూలదండలు, శాలువాలు, మధ్యమధ్య కీచుమంటున్న మైకు, ఫోన్లు ఎత్తి పట్టుకున్న పిల్లలు. వార్డుకు నల్లా నీళ్ళు తెచ్చిన కౌన్సిలరమ్మ అనీ, ఆఫ్రికా మూలాలున్న స్త్రీ మన ఊళ్ళో ప్రజల మనిషిగా నిలవడం మనందరికీ గర్వకారణమనీ ఒక యువకుడు కాగితం చూడకుండా చక్కగా మాట్లాడుతున్నాడు. అంతలో గాలికి కొట్టుకుంటున్న వెనక తలుపును ఎవరో మూసి, లోపలినుంచి ఇనుప గడియ పెట్టారు. ఆ చప్పుడుకే కుర్చీలోంచి సగం లేచాను. పక్కనున్న మా కోడలు, నీళ్ళు తాగుతారా అత్తమ్మా అని అడిగింది. తాగాను కానీ, చూపంతా ఆ గడియ మీదే ఉంది.

ఆ యువకుడు చెప్పినవన్నీ నిజాలే. అయితే అతను పుట్టకముందటి ఒక మధ్యాహ్నం సంగతి అతనికెవరూ చెప్పలేదు. నా వయసువాళ్ళకు, బ్యాలెట్ డబ్బాలూ కాగితం ఓట్లూ ఎరిగినవాళ్ళకు, దాన్ని చెప్పుకుంటే అర్థమవుతుందని రాస్తున్నాను.

ఆపా పూర్వీకులు నిజాం కాలంలో గుర్రపు దళంలో కొలువుకని ఆఫ్రికా నుంచి వచ్చి, హైదరాబాదులో స్థిరపడ్డవాళ్ళు. లారీలు బాగుచేసే మేస్త్రీని పెళ్ళాడి ఆమె మా గల్లీకి వచ్చేనాటికి నేను ఇంకా లంగా జాకెట్ వేసుకునే పిల్లను. మట్టికోట పక్కన ఉండేది మా ఇల్లు. నాన్న జంపఖానాలు నేసేవాడు. అంతటి నల్లని మేనిఛాయ, అంత దగ్గరగా చుట్టలు తిరిగిన జుట్టు, అంత పొడుగు మనిషి మా గల్లీలో అంతకుముందు ఎవరూ లేరు. హబ్షామె, అంటే ఆఫ్రికా ఆమె, అనేవాళ్ళు. అన్నం తినకపోతే హబ్షామెకు పట్టిస్తానని మా నానమ్మ బెదిరిస్తే, పళ్ళెంలో మెతుకు మిగలకుండా తినేసేదాన్ని. బడికి పోవాలంటే ఆమె గుమ్మం దాటాలి. ఆమె కుట్టుమిషను చప్పుడు వినబడేసరికి పుస్తకాల సంచీ గుండెకు హత్తుకుని పరుగెత్తేదాన్ని. ఆమె మిషను ఆపి, నిదానం బిడ్డా, పడతవ్ అనేది. ఆ మాటకు ఇంకా భయమేసి ఇంకా వేగంగా పరుగెత్తేదాన్ని.

ఆ భయం ఎప్పుడు పోయిందో నాకు బాగా గుర్తుంది. ఒక వానాకాలం మా గల్లీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మురికి కాలువ పక్కన ఉన్న చేదబావి నీళ్ళే అందరమూ తాగేవాళ్ళం. ఆపా కూతురు, నాకంటే చిన్నది, దవాఖానకు తీసుకుపోయే దారిలోనే రిక్షాలో కన్ను మూసింది. ఆ సాయంత్రం మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. ఆపా గోడకు ఆనుకుని కూర్చుని, ఏడవకుండా, పాప గౌనును మడిచి విప్పి మళ్ళీ మడుస్తున్నది. అప్పుడు మొదటిసారి ఆమె ముఖం సరిగ్గా చూశాను. మా అమ్మ ముఖంలాగే ఉంది.

ఆ తర్వాతే ఆమె బయటికి వచ్చింది. కుట్టు పని మధ్యాహ్నానికి ముగించి, ఖాళీ బిందెలతో ఆడవాళ్ళను పోగుచేసుకుని మునిసిపాలిటీ ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. మొదట్లో అక్కడివాళ్ళు నవ్వారు, తర్వాత తిట్టారు, ఆ తర్వాత కుర్చీ వేశారు. నల్లా మా గల్లీ మొదటిదాకా వచ్చి ఆగిపోయింది. చివరిదాకా రావాలంటే కౌన్సిలులో మన మనిషి ఉండాలని ఆడవాళ్ళే అన్నారు. ఆ వార్డు మహిళలకు కేటాయించగానే ఆమె చేత నామినేషన్ వేయించారు. గుర్తు కుట్టుమిషను.

అప్పటికి మేము కొత్తవాడకు మారిపోయాం. నాకు టీచరు ఉద్యోగం వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. నాన్నకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చి మగ్గం ఎక్కలేకపోతున్నాడు. ఇల్లు నా జీతం మీదే నడుస్తున్నది. అలాంటి రోజుల్లో నాకు మొదటి ఎలక్షన్ డ్యూటీ పడింది, అదీ మా పాత గల్లీ పక్కనున్న బడిలో. ఓటర్ల వేలికి సిరా పెట్టడం నా పని. మా అమ్మ ఆ మాట వినగానే రక్షగా నా జాకెట్టుకు పిన్నీసు గుచ్చి, ఏదన్నా లొల్లి అయితే బల్ల కిందికి దూరు బిడ్డా, నౌకరి పోతే పోనీ అన్నది. ఆ వార్డులో ఆపాకు పోటీగా నిలబడింది లారీల వ్యాపారం చేసే ఒకాయన భార్య. పోటీ ఆమె పేరు మీదే కానీ, గోడల మీద పోస్టర్లలో ఆయన ఫోటోయే పెద్దగా ఉండేది. ఆమె గొంతు ఎలా ఉంటుందో వార్డులో ఎవరికీ తెలియదు.

ఉదయమంతా లైను బాగానే సాగింది. మధ్యాహ్నం ఎండ ముదిరి లైను పలచబడ్డాక, కాపలా కానిస్టేబుల్ ఇప్పుడే వస్తానని చెప్పి ఎటో వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళడమూ, ఒక జీపు వచ్చి ఆగడమూ ఒకేసారి జరిగాయి. లారీల ఆయన ముందు, ఆయన వెనక కొందరు మనుషులు. లోపలికి వచ్చి తలుపు మూసి గడియ పెట్టారు. ఆపా తరఫు ఏజెంటును మెడ పట్టి మూలకు కూర్చోబెట్టారు. లారీల ఆయన తువ్వాలులో చుట్టిన పొడుగాటి వస్తువొకటి మా బల్ల మీద పెట్టాడు. దాన్ని విప్పలేదు. విప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో. అందులో ఏముందో ఊహించుకుంటూ ఉండడమే నన్ను చంపేసింది.

"సార్, బ్యాలెట్ల ఎన్క సంతకాలు పెట్టుకుంట పొండ్రి. తతిమ్మది మావోళ్ళు చూస్కుంటరు," అన్నాడు ఆయన ప్రిసైడింగ్ ఆఫీసరుతో, పెళ్ళిలో వడ్డన గురించి చెప్పినంత మామూలుగా. మా ఆఫీసరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మెతక మనిషి. ఆయన కలం పట్టుకున్నాడు గాని అక్షరం నిలవడం లేదు. తర్వాత లారీల ఆయన నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, సిరా సీస మూత పెట్టు. ఇగ నీకు పనిలేదు. నువ్వేం చూడలే."

మూత పెట్టబోయాను. అది సీసా నోటికి ఆనడం లేదు. నా చేతి గాజులు చప్పుడు చేస్తుంటే ఆ చప్పుడుకు కూడా ఏమంటారోనని రెండో చేత్తో గాజుల్ని అదిమి పట్టుకున్నాను. బల్ల కిందికి దూరమన్న అమ్మ మాట గుర్తొచ్చింది కానీ కదిలితే వాళ్ళు చూస్తారని ఆగాను. నాకేమన్నా అయితే నాన్న మందులు ఎవరు తెస్తారు అన్న ఒక్క ఆలోచనే మగ్గంలో నాడెలా అటూ ఇటూ తిరుగుతున్నది. ఓటు వేసే స్వస్తిక్ ముద్రలు బ్యాలెట్ల మీద టపటపా పడుతున్నాయి.

అప్పుడు తలుపు మీద ఎవరో తట్టారు. గట్టిగా కాదు, చుట్టపింటికి వచ్చినవాళ్ళు తట్టినట్టు.

"తలుపు తియ్యుండ్రి. నేను క్యాండిడేటును. లోపటికి రానీకె నాకు హక్కున్నది."

గడియ ఎవరూ తీయలేదు. కాసేపటికి పక్క గోడకున్న కిటికీలో ఆపా ముఖం కనబడింది. ఆ కిటికీకి తలుపులు లేవు, ఇనుప చువ్వలే. ఆమె బ్యాలెట్ల వైపు చూడలేదు, లారీల ఆయన వైపు చూడలేదు. గదంతా వెతికి నా దగ్గర చూపు ఆపింది.

"బిడ్డా, నువ్వు మంచిగున్నవా? నిన్నేమన్న అన్నరా?"

తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు.

"నేను ఈడనే నిలవడి ఉంట. నిన్ను చూస్కుంటనే ఉంట. నువ్వు నా దిక్కే చూడు," అన్నది.

చూశాను. ఇంకెటూ చూడకుండా ఆ ముఖాన్నే చూశాను. చిన్నప్పుడు ఏ ముఖం కనబడుతుందోనని పరుగెత్తానో, ఆ ముఖం కిటికీలోంచి తప్పుకుంటే ఆ నిమిషమే చచ్చిపోతాననిపించింది.

వాళ్ళలో ఒకడు సైకిల్ చైను తీసి చువ్వల మీద కొట్టాడు. ఆమె వేళ్ళు అక్కడే ఉన్నాయి. ఆమె నోటినుంచి చిన్న మూలుగు వచ్చింది, చేతులు తీసింది, మళ్ళీ అక్కడే పెట్టింది. వేలి కణుపుల మీద చర్మం లేచి నెత్తురు చువ్వ వెంట కారింది. వాడు ఆమె రంగును పట్టి నేను ఇక్కడ రాయలేని మాట అని, మీ దేశం పో అని అరిచాడు.

ఆపా చువ్వలు వదలకుండానే జవాబిచ్చింది. "ఏ దేశం పోవాలె తమ్మీ? నా పిల్లకు మట్టిచ్చింది గీడనే. దాన్ని ఇడిసిపెట్టి నేను యాడికి పోవాలె?"

ఆ మాటకు గదిలో ముద్ర చప్పుడు ఆగింది. ఆ పాప సంగతి తెలియనివాళ్ళు ఆ వాడలో లేరు. బయట ఆడవాళ్ళు ఒక్కొక్కరే కిటికీ దగ్గరికి వచ్చారు. రెండో కిటికీలోనూ ముఖాలు కనబడ్డాయి. ఎవరూ అరవలేదు, ఊరికే లోపలికి చూస్తున్నారు. వాళ్ళూ భయపడుతున్నారని తెలుస్తూనే ఉంది. ఒకరి కొంగు ఒకరు పట్టుకుని ఉన్నారు.

లారీల ఆయన తువ్వాలు మీద చెయ్యి వేశాడు. ఇక అయిపోయిందనుకున్నాను. సరిగ్గా అప్పుడు ఆపా పక్కన మరో ముఖం వచ్చింది. తలమీద కొంగు కప్పుకుని, పసుపు రాసుకున్న బక్కపలచని ఆడమనిషి. ఆయన భార్య. ఓటు వేయడానికి వచ్చి లైనులో నిలబడి ఉన్నదట. ఆమె కిటికీ చువ్వ పట్టుకుని, ఆపా భుజానికి భుజం ఆనించి, భర్త వైపు చూసింది.

"తలుపు తియ్యుండ్రి," అన్నది. వినబడీ వినబడని గొంతు. "నా ఓటు నేను ఏసుకుంట. నా పేరు మీద గీ పని చెయ్యకుండ్రి."

ఆయన తెల్లబోయాడు. ఇంటికి పో అన్నాడు. ఆమె పోలేదు. ఇంకోసారి గట్టిగా అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది గాని చువ్వ వదల్లేదు. ఆపా గాయపడ్డ చేత్తోనే ఆమె చేతిని పట్టుకుంది. చైను పట్టుకున్నవాడు ముందు తల దించుకున్నాడు. మిగతావాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరి గెలుపు కోసం ముద్రలు వేస్తున్నారో ఆ మనిషే వద్దంటుంటే ఇంక దేనికోసం వేయాలో వాళ్ళకు తెలియలేదు. లారీల ఆయన తువ్వాలు చంకన పెట్టుకుని గడియ తీసి, గుంపును తోసుకుంటూ వెళ్ళిపోయాడు. జీపు చప్పుడు దూరమయ్యాక మా ఆఫీసరు కలం కింద పెట్టాడు.

దొంగ ముద్రలు వేసిన కాగితాలు ఇంకా డబ్బాలో పడలేదు కనుక మా ఆఫీసరు వాటన్నిటినీ విడిగా కట్టి సీలు వేశాడు, పైవాళ్ళకు రిపోర్టు రాశాడు. పోలీసులు వచ్చారు. లైను మళ్ళీ సాగింది. లారీల ఆయన భార్య, ఆ వదినె వేలికి సిరా పెట్టింది నేనే. సిరా గోరు మీద కాక వేలంతా పాకింది.

పోలింగు ముగిశాక వరండాలో కూలబడి ఉన్న ఆపాకు స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చాను. గ్లాసు ఆమె పళ్ళకు తగిలి టకటకలాడింది. నీళ్ళు సగం చీర మీదనే పోసుకుంది.

"మస్తు భయమైంది బిడ్డా. కాళ్ళల్ల పానం లేదు ఇగ," అన్నది.

మరి ఎందుకు నిలబడ్డారు ఆపా, వెళ్ళిపోవలసింది కదా అన్నాను.

"పోదామనే అనుకున్న. నువ్వు కండ్ల వడ్డవ్. ఎట్ల పోత?"

ఆ ఎన్నికలో ఆపా గెలిచింది. అయితే గెలిచిన సంబరంలో నేను లేను. చాలాకాలం జీపు చప్పుడు వింటే చాలు, పాఠం చెబుతున్నదాన్నల్లా ఆగిపోయేదాన్ని. అంతకంటే ఆ వదినె గురించే బెంగ. ఇంట్లో ఆమెకేమైందోనని అందరం గుసగుసలాడుకున్నామే తప్ప వెళ్ళి చూడడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆపా మాత్రం మర్నాడే వేళ్ళకు కట్టుతో వాళ్ళింటికి వెళ్ళి, జర చాయ్ పోస్తవా చెల్లే అని అరుగు మీద కూర్చుందట. ఆ తర్వాత కూడా వారంవారం ఏదో ఒక వంకతో వెళ్ళేది. జాకెట్టు కొలతలంటూ, రేషన్ కార్డంటూ. ఆమెను ఒక మనిషి చూస్తూనే ఉన్నదని ఆ ఇంటికి తెలియాలని. ఆ వదినె చివరిదాకా ఆ ఇంట్లోనే బతికింది, జాకెట్లు మాత్రం ఇంకెవరి దగ్గరా కుట్టించుకోలేదు. రెండేళ్ళ కింద పోయింది.

సన్మానం అయ్యాక నేను వేదిక ఎక్కి ఆపా పక్కన కూర్చున్నాను. ఆమె చేతిని నా చేతిలోకి తీసుకుని ఆ మధ్యాహ్నం సంగతి ఎత్తాను. బడి, కిటికీ, చైను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసి, నవ్వి, నువ్వు ఎవరి బిడ్డవమ్మా అని అడిగింది. వయసు మీద పడి చాలా సంగతులు జారిపోయాయని ఆమె మనవరాలు నా చెవిలో చెప్పింది.

ఇప్పుడు ఓటుకు మిషన్లు వచ్చాయి, పోలింగు బూత్‌లకు కెమెరాలు వచ్చాయి, సిరా పెట్టే ఆడపిల్లలు వెనక్కి తిరిగి చూసుకోకుండా పని చేసుకుంటున్నారు. మంచిదే. ఆపాతో ఫోటో దిగడానికి పిల్లలు ఒకరినొకరు తోసుకున్నారు. అదీ మంచిదే. కానీ అదే వారంలో, ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి హనుమకొండ వచ్చిన ఒక అమ్మాయి గది కోసం మా కాలనీ అంతా తిరిగితే, ఖాళీ ఉండి కూడా లేదన్నారు. అలా అన్నవాళ్ళలో సన్మానంలో చప్పట్లు కొట్టిన చేతులు కూడా ఉన్నాయి. ఆ మధ్యాహ్నం బడిలో ఉన్న మా ఆఫీసరు ఇప్పుడు లేడు, ఆ వదినె లేదు, ఇప్పుడు ఆపాకు కూడా గుర్తు లేదు. అంత భయమూ, ఆ భయంలో నన్ను నిలబెట్టిన ఆ చూపూ నా ఒక్కదాని దగ్గరే మిగిలిపోయాయి. నాకేమో మరుపు మొదలైందని మా కోడలు ఈ మధ్య తరచుగా అంటున్నది.