పోయిన సున్నా

తమిళనాడు గుడియాత్తంలో మగ్గం నేసే నాగలింగం కూతురు వినోదిని. ఎంసీఏ చదివి వేలూరులో ఒక కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో ప్రోగ్రామర్‌గా చేరింది. "ఏం పని పాపా అది?" అని అమ్మ పొన్నమ్మ అడిగితే, "లెక్కలు సరిచూసే పని" అని తప్పించుకునింది. అంతకంటే బాగా చెప్పను ఆమెకే చేతకాలేదు.

ఒక రేడియోధార్మిక పదార్థం ఎన్ని గంటల్లో సగానికి తగ్గుతుందో ఒక దేశంలో కొలిచినవాళ్లు ఒక అంకె చెప్తారు, ఇంకో దేశంలో ఇంకో అంకె. ఆ పేపర్లన్నీ చదివి, ఎవరి కొలత ఎంత నమ్మొచ్చో బేరీజు వేసి, ఒక్క విలువ తేల్చేవాళ్లు వేరే ఉంటారు. కనియంబాడి నుంచి వచ్చే ప్రొఫెసర్ మునికృష్ణ అట్లాంటి మనిషి. ఆయన తేల్చిన విలువలను పట్టికలుగా, బొమ్మలుగా మార్చి ప్రచురణకు సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్ వినోదినిది.

అంతకు ముందరి ప్రోగ్రాం నలభై ఏళ్ల నాటిది. రాసినాయన ఎప్పుడో రిటైరైపోయినాడు. తాకితే యాడ ఏం చెడిపోతుందోనని అందరికీ భయం. వినోదిని మూడేళ్లు దాంతోనే కూర్చుని, ఒక్కో వరుస ఎందుకుందో అర్థం చేసుకుని, కొత్తది రాసింది. దాంతో తయారైన రెండు సంపుటాలు వెబ్‌సైట్‌కు ఎక్కినాయి. మునికృష్ణ సార్ అందరి ముందరా మెచ్చుకున్నాడు.

మూడో సంపుటం ప్రూఫులు ఒళ్లో పెట్టుకుని ఒక పొద్దున కాట్పాడి రైల్లో పోతా ఉంటే, లత్తేరి స్టేషను దాటినాక ఒక అంకె దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. సార్ రాసిచ్చింది 5.20 గంటలు, పక్కన చిన్నగా 10. చివరి రెండంకెల్లో పది అటో ఇటో ఉండొచ్చని దానర్థం, అంటే ఆరు నిమిషాలు. పట్టికలో సున్నా ఎగిరిపోయి 5.2 మిగిలింది, పక్కన 10 అట్లే ఉంది. ఆరు నిమిషాల అనుమానం అరవై నిమిషాలైపోయింది. చివరి సున్నాకు విలువ లేదని ప్రోగ్రాం దాన్ని పారేసింది. ఆ ప్రోగ్రాం రాసింది తనే. ముందరి రెండు సంపుటాలూ దాంతో తయారైనవే.

నేరుగా సార్ గదికే పోయింది.

"తప్పు నాది సార్," అని కాగితం ముందర పెట్టింది.

ఆయన కాగితం దగ్గరికి లాక్కుని చూసినాడు. "ఎవరన్నా రాసినారా దీని గురించి?"

"లేదు సార్. అయినా ఎవరో ఒకరు వాడే ఉంటారు."

"మూడోది సరిచేసి పంపుదాం. పాతవి మెల్లగా మార్చుకుందాం లేమ్మా."

"మెల్లగా మారిస్తే, ఇప్పటికే దించుకున్నోళ్లకు తెలీదు కద సార్."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే. ఎన్నిచోట్ల పోయిందో తేల్చు. ఉత్తరం ఇద్దరం కలిసి రాద్దాం."

"నేనే రాస్తా సార్."

ఇంకో ప్రోగ్రాం రాసి వెతికిస్తే నలభైయొక్క చోట్ల సున్నా పోయిందని తేలింది. అయితే ఆ ప్రోగ్రాం పట్టేది తనకు తెలిసిన తప్పునే. తెలియనిది పట్టాలంటే ఒకరు అచ్చులోది చదవాలి, ఇంకొకరు సార్ రాసిచ్చిన అసలు కాగితం చూడాలి. కాలేజీలో అందరూ పరీక్షల హడావుడిలో ఉన్నారు. పదిరోజులు సెలవు పెట్టి, కాగితాలు ఇంటికి తెచ్చి నాయన్ని అడిగింది.

నాగలింగానికి తెలుగు మాట్లాడను వచ్చు, చదవను రాదు. తమిళం కూడబలుక్కుంటాడు. ఇంగ్లీషు అసలే లేదు. "అంకెలే కదా, చూస్తాలే," అని చేతిలో పని పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాడు. పగలంతా ఆమె చదివేది, ఆయన వేలు పెట్టి వరుస వెంట పోయేవాడు. ఒక్క వరుస దాటించలేదు. ఆమె గబగబా చదివితే, "నిదానం పాపా" అని మళ్లీ మొదటినుంచి చదివించేవాడు.

ఆరో రోజు ఆయన వేలు ఆగింది. "ఈడ మూడుకు ముందర కోడిముక్కు మాదిరి గుర్తు ఒకటుండాది. నువ్వు చెప్పలేదే."

వినోదిని వంగి చూసింది. కొలిచినవాళ్లు 'మూడు కంటే తక్కువ' అని చెప్పినారు. తన పట్టిక 'మూడు' అని తేల్చేసింది. తీరా వెతికితే అట్లాంటివి ఇంకో ఆరు. ఆమె కాగితాలన్నీ మళ్లీ మొదటినుంచి తిరగేస్తా ఉంటే నాగలింగం కంగారుపడినాడు. "నేనేమన్నా తప్పు చెప్పినానా?"

"లేదు నాయనా. నేను చూడలేంది నువ్వు చూసినావు."

నలభైయెనిమిది తప్పులూ, అవి ఎందుకొచ్చినాయో, ఎట్లా పట్టిందో, సరైన విలువలేమిటో రాసి, కింద తన పేరు పెట్టి ఆ సంపుటాలు వాడేవాళ్లందరికీ పంపింది. రెండు వారాలు ఒక్క జవాబూ రాలేదు. తర్వాత హంగేరి నుంచి ఒకామె రాసింది: మీ పట్టికతో మా కొలత సరిపోక, మా పరికరమే చెడిందని రెండు నెలలు విప్పి చూసుకున్నాం, ఇప్పుడు మనసు కుదుటపడింది. ఈ తప్పులు పట్టే ప్రోగ్రాం మాకూ ఇస్తారా?

గుర్తులు పోయినా పట్టేట్టు సరిచేసి ఇచ్చింది. ఇప్పుడు ఇంకో మూడుచోట్ల దాన్నే వాడుతున్నారు. ఒక్క సున్నా, ఒక్క గుర్తు అసలుతో కలవకపోయినా అది పేజీ తయారుచేయకుండా ఆగిపోతుంది.

మూడో సంపుటం మీద తన పేరు పక్కన సార్ వినోదిని పేరు వేయించినాడు. కృతజ్ఞతల్లో ఒక పేరు చేర్చమని ఆమె అడిగింది. అచ్చయిన పుస్తకం ఇంటికి తెచ్చి ఆ వరుస చూపించింది. "ఇది నీ పేరు నాయనా."

నాగలింగం దాని మీద వేలు పెట్టినాడు. "అక్షరాలు సరిచూసినావా?"

"రెండుతూర్లు చూసినా."

ఆయన తలూపి పేజీ తిప్పి, అంకెలున్న చోట వేలు పెట్టుకుని చూడను మొదలుపెట్టినాడు.