నాలుగు నెలల చీటీ

మా మేనత్తకు ఒకే ఒక్క పిచ్చి ఉంది. ఎవరి చేతిలోనైనా పిల్లికూన కనిపిస్తే చాలు, "ఎన్ని నెలలు?" అని అడుగుతుంది. ఎంత ముద్దుగా ఉందో అనదు, ఒళ్ళు నిమరదు, పేరేమిటో కనుక్కోదు. ఎన్ని నెలలో చెప్పేదాకా వదలదు. చెప్పాక అసలే వదలదు.

అత్తయ్య టైలరు. ఆవిడ కొట్టును ఆనుకుని ఉన్న గడియారాల రిపేరు కొట్టు నాది. మధ్యలో ఉన్నది ఒట్టి చెక్క గోడ కాబట్టి, ఆవిడ మిషను చప్పుడూ జనంతో వాదనలూ ఇరవై ఏళ్ళుగా నా చెవుల్లోనే ఉన్నాయి. చెప్పిన రోజుకు బట్టలు ఇచ్చిన పాపాన ఆవిడ ఎన్నడూ పోలేదు. పెళ్ళికని కుట్టించుకున్న గౌను బిడ్డ పుట్టాక అందుకున్నవాళ్ళు ఉన్నారు. అప్పటికి కొలతలు మారిపోయి, పాపం, మళ్ళీ అక్కడే ఇచ్చి వెళ్ళారు. హెడ్మాస్టారి ప్యాంటు సంగతి సరేసరి. రిటైరయ్యే రోజున సభలో వేసుకుందామని ఇచ్చారాయన. సభ అయిపోయింది, దండలు వాడిపోయాయి, ప్యాంటు మాత్రం ఏడు నెలలుగా అలమరలోనే ఉంది.

పిల్లికూనల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ తేదీ తప్పదు. గోడ మీది క్యాలెండరులో బట్టల తేదీ ఒక్కటీ ఉండదు, అన్నీ పిల్లులవే. బట్టలకు రాసినట్టే కూనకూ చీటీ రాస్తుంది. సగం చింపి యజమాని చేతిలో పెడుతుంది, మిగతా సగానికి కూన రంగు గుడ్డముక్క పిన్నుతో గుచ్చి దాచుకుంటుంది. నల్లదానికి కోటు లైనింగు ముక్క, ఎర్ర చారలదానికి ఎవరిదో చొక్కా ముక్క. నాలుగు నెలలు నిండిన వారంలో వచ్చే గురువారం, పశువుల డాక్టరు దగ్గర, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. అదీ ఆ చీటీ సారాంశం.

ఇంకా పసిది కదమ్మా అని ఎవరైనా అన్నారో, అయిపోయారే. పసిదని నువ్వనుకుంటున్నావు, నాలుగు నెలలు దాటితే అదే తల్లయి కూర్చుంటుంది అంటుంది. ఒక్క కాన్పు కానిద్దామంటే, ఆ కాన్పులో పుట్టే అయిదింటినీ ఎవరింట్లో పెడతావో పేర్లు రాసివ్వమని కాగితం ముందుకు తోస్తుంది. ఇంట్లో ఉన్న రెండూ అన్నాచెల్లెళ్ళే కదా అని ధీమాగా చెప్పిన ఒకాయన్ను, "ఆ సంగతి వాటికి తెలుసా?" అని అడిగింది. ఈ వయసులో గాయం చిన్నది, గురువారం కత్తి పడితే శుక్రవారానికల్లా కర్టెన్లెక్కుతుందని డాక్టరు చెప్పిన మాట కూడా అందరికీ అప్పజెబుతుంది.

అలవాటు ఎంత ముదిరిందంటే, ఒకసారి ఓ కొత్త తల్లి చంటిబిడ్డను ఎత్తుకుని కొలతలివ్వడానికి వచ్చింది. అత్తయ్య టేపు మెడలో వేసుకుంటూ ఎన్ని నెలలని అడిగింది. నాలుగని చెప్పిందామె. అత్తయ్య చేయి దానంతటదే చీటీ పుస్తకం తెరిచి గురువారమని రాయబోయింది. ఆ తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

ఇంత తెలిసినవాణ్ణి కదా, నేనేం చేశాననుకున్నారు? మా అమ్మాయి కోసం బూడిదరంగు ఆడకూనను తెచ్చాను. అత్తయ్య ఆ రోజే చీటీ రాసిచ్చింది. నాలుగో నెల రానే వచ్చింది. ఈ వారం పనెక్కువ, వచ్చే వారం చూద్దామన్నాను. అలా ఆరు వచ్చే వారాలు గడిచాయి. ఊళ్ళో వాళ్ళ గడియారాలన్నీ సరిచేసేవాణ్ణి, మా పిల్లి పొట్ట చూసి గుడ్లు తేలేశాను. అయిదు పుట్టాయి.

కళ్ళు తెరిచేదాకా ఇంటి యజమాని ఊరుకున్నాడు. అవి ఆయన కుర్చీల మీద గోళ్ళు పదును పెట్టడం మొదలెట్టాక పైనుంచి దిగి వచ్చి, ఒకటో తేదీకి ఈ అయిదైనా ఉండాలి, మీరైనా ఉండాలన్నాడు. అడగని వాళ్ళు లేరు, తీసుకున్నవాళ్ళూ లేరు. మా అమ్మాయి అన్నం మానేసి ఏడుస్తోంది. చివరికి అది బడికెళ్ళిన వేళ చూసి అయిదింటినీ గుడ్డసంచిలో వేసుకున్నాను. చేపల మార్కెట్ వెనక వదిలేస్తే ఎలాగో బతుకుతాయని నాకు నేనే చెప్పుకున్నాను. అక్కడికి వెళ్ళాలంటే అత్తయ్య కొట్టు ముందునుంచే పోవాలి.

తల దించుకుని నడుస్తున్నాను. సంచి మ్యావుమంది.

"ఎన్ని నెలలు?" అంది అత్తయ్య లోపలినుంచి.

"రెండు," అన్నాను. ఏ మొహం పెట్టుకుని ఇంకేం చెప్పను?

చెప్పానా అంటుందనుకున్నాను. అనలేదు. మిషను ఆపి, సంచి నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది.

"మా చిన్నప్పుడు ఇంట్లో పిల్లి ఏడాదికి రెండుసార్లు ఈనేది. సంచి మోసే పని నాది. వదిలేసి వెనక్కి చూడకుండా రమ్మనేవాళ్ళు. నేను ప్రతిసారీ చూసేదాన్నిరా," అంది.

నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఈవిడకు పిల్లులంటే పడదనుకున్న మూర్ఖుణ్ణి నేను.

కన్నీళ్ళు చూస్తూ కూర్చునే మనిషి కాదావిడ. గుండీలు కుట్టి పెట్టమని ఓ చొక్కా నా ఒళ్ళో పడేసి, అలమరలోంచి నాలుగు ఇళ్ళ బట్టలు బయటికి తీసింది. మూడు రోజులు మిషను మీంచి తలెత్తలేదు. నాలుగో రోజు ఫోన్లు చేసి మీ బట్టలయ్యాయని చెప్పింది. ఎవరూ నమ్మలేదు. ఒకావిడ రాంగ్ నంబరని పెట్టేసింది. హెడ్మాస్టారైతే పరుగున వచ్చి, అమ్మా, ఒంట్లో బాగానే ఉంది కదా, డాక్టరేమైనా చెప్పాడా అని ఆదుర్దాగా అడిగారు. ప్యాంటు చేతికి రాగానే ఆయన కళ్ళు చెమర్చాయి. ఆ ఆనందం చల్లారకముందే నల్లకూన ఒళ్ళోకి వచ్చింది, చీటీ జేబులోకి వెళ్ళింది.

కూనలు ఈ నలుగురికే ఎందుకని అడిగాను. "ఏళ్ళ తరబడి వీళ్ళకి కొలతలు తీస్తున్నాను. ఎవరి ఒళ్ళో పిల్లి పడుకుంటుందో నాకు తెలీదా?" అంది.

అయిదోది తల్లిలాగే బూడిదరంగుది, తోక వంకరది. ఆ నలుగురిలో ఒకరైన టీచరమ్మ దాన్నే ఇమ్మంటే, అది వేరే ఆర్డరని చెప్పి ఇంకోదాన్ని చేతిలో పెట్టింది అత్తయ్య. ఆ తరవాత చీటీ పుస్తకం తిరగేశాను. బూడిదరంగు గుడ్డముక్క గుచ్చిన చీటీ మీద, యజమాని అన్నచోట, 'నేనే' అని రాసి ఉంది.

చీటీల ప్రకారం అయిదింటికీ ఆపరేషన్లయ్యాయి. మా తల్లిపిల్లికి అంతకు ముందే చేయించాను. ఈసారి గురువారం తెల్లారేసరికి డాక్టరు గుమ్మంలో నిలబడ్డది నేనే.

మొన్న హెడ్మాస్టారు వచ్చి, ఎన్ని నెలలని ఎప్పుడూ నువ్వే అడుగుతావు, నా రెండో ప్యాంటుకి ఎన్ని నెలలో ఇవాళ నేనడుగుతున్నాను అన్నారు. అత్తయ్య మిషను వైపు చూపించింది. కత్తిరించిన ఆ ప్యాంటు గుడ్డ మీద వంకరతోకది కాళ్ళు బారజాపుకుని నిద్రపోతోంది.

"లేపమంటారా?" అంది.

ఆయన వంగి దానికేసి చూశారు. వద్దులేమ్మా అని గొంతు తగ్గించి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.